చెయ్యి ఎత్తే వేళ

నంద్యాలలో మా వీధి చివర భజన మందిరం ఉంది. శనివారం సాయంత్రాలు అక్కడ భజన జరుగుతుంది. ఇదివరకు ఒక హార్మోనియం, ఒక జత తబలా, నాలుగైదు జతల తాళాలు ఉండేవి. ఇప్పుడు హార్మోనియాన్ని గుడ్డ కప్పి బీరువా మీద పెట్టేశారు. కీబోర్డు వచ్చింది. ఇంటర్ చదివే పిల్లవాడొకడు వాయిస్తాడు. చెవి ఉన్నవాడు, బాగానే వాయిస్తాడు. మొన్నొక శనివారం కీర్తన మధ్యలో వాడి ఫోను మోగింది. రెండు చేతులూ తీసి ఫోను చూసుకున్నాడు. కీబోర్డు మాత్రం ఆగలేదు. వాడు ముందే పెట్టుకున్న తాళం, దాని వెంట తిరిగే స్వరాల గుంపు అట్లాగే నడుస్తున్నాయి. పాడేవాళ్లు పాడుతూనే ఉన్నారు. ఎవరికీ తేడా తెలియలేదు. నాకు మాత్రం ఆ సాయంత్రం నుంచి అదే మనసులో మెదులుతోంది. చెయ్యి తీసినా పాట నడిచింది. నడిస్తే తప్పేముంది? తప్పని నేను అనడం లేదు. భజన సాగింది, దేవుడికి హారతి అందింది, ప్రసాదం పంచారు. మరి నన్ను ఇంతగా కలవరపెట్టినది ఏమిటి?

వీణ తీగను మీటితే ఆ నాదం కాసేపటికి దానంతటదే సన్నగిల్లుతుంది. పియానో మెట్టు నొక్కితే లోపలి సుత్తి తీగను కొడుతుంది. వేలు అక్కడే ఉంచినా ఆ మోత మెల్లగా తగ్గిపోతుంది. హార్మోనియం సంగతి వేరు. తిత్తిలో గాలి ఉన్నంతసేపూ, మెట్టు మీద వేలున్నంతసేపూ స్వరం నిండుగా నిలబడే ఉంటుంది. దానికి అలుపు లేదు. పుట్టించడానికి విద్య అక్కర్లేదు, పసిపిల్లవాడు నొక్కినా షడ్జం పలుకుతుంది. ముగించడమే వాయించేవాడి పని. ఎక్కడ వేలు ఎత్తాలి, ఎంత ముందు ఎత్తాలి, ఎత్తినాక ఎంతసేపు ఊరకుండాలి, ఇదంతా ఆ మనిషి నిర్ణయం. ఇద్దరు హార్మోనిస్టులు ఒకే కీర్తనను ఒకే శృతిలో వాయించినా ఎవరి చెయ్యి ఏదో తెలిసేది ఇక్కడే అని నా నమ్మకం. ఆ కీబోర్డు పిల్లవాడి చేతిలోంచి జారిపోయింది ఈ నిర్ణయమే కదా! అందుకే కాబోలు నాకు నిద్ర పట్టలేదు.

ఈ ఆలోచన నాలో బలపడడానికి ఇంకో కారణం ఉంది. అది నంద్యాలకు చాలా దూరానిది. మా అబ్బాయి ఉద్యోగరీత్యా కొంతకాలం అమెరికాలో మెంఫిస్ అనే ఊళ్లో ఉన్నాడు. మేం వెళ్లినప్పుడు ఒక మ్యూజియం చూపించాడు. మెక్‌లెమోర్ అవెన్యూ అనే వీధిలో పూర్వం ఒక సినిమా థియేటరు ఉండేదట. దాన్ని అద్దెకు తీసుకుని స్టాక్స్ అనే రికార్డు కంపెనీ స్టూడియోగా మార్చుకుంది. సినిమా హాలు కాబట్టి నేల తెర వైపు వాలుగా ఉంటుంది. డబ్బు లేక ఆ వాలు సరిచేయించలేదు. ఆ వాలు నేల మీదే నిలబడి 1960లలో నల్లజాతి వాళ్లూ తెల్లవాళ్లూ కలిసి వాయించారు, పాడారు. ఆ సంగీతాన్నే లోకం సోల్ అంది. దాన్నుంచే ఫంక్ పుట్టుకొచ్చింది. స్టాక్స్ 1975లో దివాలా తీసింది. 1989లో ఆ కట్టడాన్ని కూల్చేశారు. తర్వాత పొరపాటు తెలుసుకుని అదే స్థలంలో అదే రూపంతో మళ్లీ కట్టి 2003లో మ్యూజియంగా తెరిచారు. నేలను కూడా వాలుగానే కట్టారు. లోపలికి వెళ్లగానే ముందు కనిపించేది స్టూడియో కాదు, ఒక చిన్న చెక్క చర్చి. మిసిసిపీ పల్లె ప్రాంతం నుంచి ఊడదీసి తెచ్చి, లోపల మళ్లీ నిలబెట్టిన నిజమైన చర్చి. ఈ సంగీతమంతా ఇక్కడి నుంచే బయలుదేరింది అని నోటితో చెప్పకుండా చూపిస్తున్నారు. నేను ఆ చెక్క బల్ల మీద కూర్చుంటే మా వైపు ఊళ్లలోని గుడులు, చర్చిలు, ఉరుసుల పందిళ్లు అన్నీ గుర్తొచ్చాయి.

ఆ స్టూడియోలో కీబోర్డు ముందు కూర్చున్నవాడి పేరు బుకర్ టి. జోన్స్. మెంఫిస్‌లోనే 1944లో పుట్టాడు. చిన్నప్పుడే చర్చిలో ఆర్గన్ వాయించాడు. 1962లో, అంటే ఇంకా పద్దెనిమిది నిండకముందే, 'గ్రీన్ ఆనియన్స్' అనే వాద్యగీతం రికార్డు చేశాడు. ఆ రోజు ఇంకెవరి పాటకో వాయించడానికి వచ్చి, ఖాళీ దొరికితే తమకోసం వాయించుకున్నారట. అది అమెరికా అంతా మోగింది. తర్వాత చదువుకోవాలని ఇండియానా విశ్వవిద్యాలయంలో సంగీతంలో చేరాడు. వారాంతాల్లో కారు వేసుకుని మెంఫిస్ వచ్చి రికార్డింగులు చేసి మళ్లీ తరగతులకు పోయేవాడు. 1967లో 'హిప్ హగ్ హర్', 1968లో 'సోల్ లింబో', 1969లో 'టైమ్ ఈజ్ టైట్'. సోల్ లింబో పేరు తెలియని మన క్రికెట్ అభిమానులకు కూడా దాని బాణీ తెలిసే ఉంటుంది. బీబీసీ క్రికెట్ ప్రసారాలకు ముందు ఎన్నో ఏళ్లుగా మోగుతున్నది అదే. వాళ్ల బృందంలో నలుగురు. బుకర్ టి., డ్రమ్స్ వాయించే ఆల్ జాక్సన్ నల్లవాళ్లు. గిటారు స్టీవ్ క్రాపర్, బేస్ గిటారు డక్ డన్ తెల్లవాళ్లు. ఆ రోజుల్లో మెంఫిస్‌లో ఈ నలుగురూ ఒక హోటల్లో ఒకే బల్ల దగ్గర కూర్చుని భోంచేయడమే కష్టం. వాళ్లు కలిసి కూర్చోగలిగిన అతి కొద్ది చోట్లలో లొరేన్ మోటెల్ ఒకటి. 1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్‌ను కాల్చి చంపింది ఆ మోటెల్ వసారాలోనే. ఆ తర్వాత కూడా ఆ నలుగురూ ఒకే గదిలో కూర్చుని వాయించారు. అది తలచుకున్నప్పుడల్లా నాకు మాట రాదు.

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు బస్సులో పోతున్నప్పుడు ఈ రికార్డులు వింటుంటాను. శిరివెళ్ల దాటాక కిటికీ అవతల వరిమళ్లూ, దూరంగా నల్లమల గీతా, చెవిలో మెంఫిస్ ఆర్గన్. మొదట్లో ఈ పొత్తు నాకే వింతగా ఉండేది. ఒకటికి రెండుసార్లు విన్నాక కుదిరింది. గ్రీన్ ఆనియన్స్‌లో ఆర్గన్ ఒక చిన్న మాట లాంటి బాణీ పలికి ఆగుతుంది. ఆగిన చోట గిటారు ఒక్క పోటు పొడిచి తప్పుకుంటుంది. మళ్లీ ఆర్గన్. బుకర్ టి. గొప్పగా వేళ్లు పరుగెత్తించేవాడు కాదు. అతని కంటే వేగంగా వాయించేవాళ్లు అదే కాలంలో బోలెడుమంది ఉన్నారు. అతను చేసేది వాయించకుండా ఉండడం. టైమ్ ఈజ్ టైట్‌లో బేస్ గిటారు, డ్రమ్స్ ముందు దారి వేస్తుంటే అతను తన వంతు కోసం ఆగుతాడు. వచ్చినాక ఒక స్వరాన్ని నిండుగా నిలబెడతాడు, ఇంకా కావాలని మనకు అనిపిస్తున్నప్పుడే వేలు ఎత్తేస్తాడు. ఆ ఖాళీలోకి డ్రమ్ వచ్చి కూర్చుంటుంది. చదువుకున్న సంగీతమంతా తలలో ఉండీ, రెండు స్వరాలతో సరిపెట్టుకోవడానికి ఎంత ధైర్యం కావాలి!

అతను వాయించిన వాద్యం కథ కూడా చెప్పుకోదగ్గదే. లారెన్స్ హామండ్ అనే ఆయన కరెంటు గడియారాలు తయారు చేసేవాడు. గడియారాన్ని నిలకడగా తిప్పే మోటారునే వాడుకుని, పళ్లున్న ఇనుప చక్రాలను అయస్కాంతాల ముందు తిప్పి, ఆ చక్రాల నుంచి స్వరాలు పుట్టించాడు. 1935లో హామండ్ ఆర్గన్ మార్కెట్లోకి వచ్చింది. పెద్ద పెద్ద గొట్టాల ఆర్గన్లు కొనలేని చర్చిలకు అది అందుబాటు ధరలో దొరికింది. నల్లవాళ్ల చర్చిలు దాన్ని సొంతం చేసుకున్నాయి. ప్రసంగం చేసే పాస్టరు ఒక మాట అని ఊపిరి తీసుకుంటే ఆ సందులో ఆర్గన్ పలుకుతుంది. ఆయన గొంతు పెంచితే తనూ పెంచుతుంది, ఆయన మళ్లీ మొదలుపెట్టగానే తగ్గుతుంది. మెట్టు నొక్కగానే చిన్న టక్కుమనే చప్పుడు వచ్చేది. దాన్ని లోపమని ఇంజనీర్లు పోగొట్టాలని చూశారు. వాయించేవాళ్లకు అదే కావలసివచ్చింది. స్వరం ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు తెగిందో చెవికి స్పష్టంగా తెలిపేది ఆ టక్కే మరి.

పాస్టరు ఊపిరి సందులో ఆర్గన్ పలకడం అనగానే, మా ప్రాంతంలో పుట్టి పెరిగినవాళ్లకు నాటకంలో హార్మోనియం గుర్తుకు రాకుండా ఉంటుందా? అది కూడా పరదేశానిదే. 1840లలో పారిస్‌లో దానికి ఆ రూపం, పేరు వచ్చాయి. కాలితో తొక్కే ఆ పెట్టెను 1875 ప్రాంతంలో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ చేతితో తిత్తి ఊదేదిగా, కింద కూర్చుని వాయించేదిగా మార్చాడు. మన దేశానికి ఒకవైపు మిషనరీల వెంట, ఇంకోవైపు పార్శీ నాటక సమాజాల వెంట అది నడిచివచ్చింది. ఆళ్లగడ్డకు దగ్గర్లోని ముత్యాలపాడులో పందొమ్మిదో శతాబ్దం నడుమ నుంచే క్రైస్తవ మిషన్ ఉంది. తర్వాత నంద్యాల పెద్ద కేంద్రమైంది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలకు హార్మోనియం, తబలా పట్టడం మా చిన్నప్పటికే పాత సంగతి. ఉరుసులో కవ్వాలీకి అదే పెట్టె. రామాలయంలో భజనకు అదే పెట్టె. ఊరికి ఒకటే ఉంటే ఒకరి దగ్గర నుంచి ఒకరు అడిగి తెచ్చుకునేవాళ్లు. అయితే దాని అసలు రాజ్యం పద్యనాటకం. కడప జిల్లాలోని సురభి ఊళ్లో 1885లో నాటక సమాజం పుట్టింది. బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు పద్యానికి రాగం కట్టించి రంగస్థలానికి ఎక్కించారు. అక్కడి నుంచి ఊరూరికీ పాకింది. సత్య హరిశ్చంద్ర, కురుక్షేత్రం, రామాంజనేయ యుద్ధం, చింతామణి. ఏ ఊళ్లో ఏది వేసినా రంగం పక్కన కాలి హార్మోనియం ముందు ఒక మనిషి కూర్చుని ఉండేవాడు.

అరవైలు ముగిసే రోజుల్లో మా పల్లెలో నాటకం నేర్పడానికి వచ్చినాయన నాకు బాగా గుర్తు. మేమంతా అయ్యవారూ అని పిలిచేవాళ్లం. కోతలయ్యాక వచ్చి, నెలల తరబడి మా ఊళ్లోనే ఉండేవారు. పూటకొకరింట భోజనం. రాత్రిపూట భజన మందిరంలో లాంతరు పెట్టుకుని సేద్యగాళ్లకు, మగ్గం నేసేవాళ్లకు పద్యాలు నేర్పేవారు. చదువు రానివాళ్లకు నోటితోనే. ఊళ్లో ఎవరి గొంతు ఎంతవరకు పోతుందో, ఎవరికి ఆయాసం ఉందో, ఎవరు సీసపద్యం మూడో పాదంలో తడబడతారో ఆయనకే తెలుసు. స్త్రీ పాత్రలకు బయటి ఊళ్ల నుంచి ఆర్టిస్టులు వచ్చేవారు. వాళ్లు ఆ సాయంత్రమే బస్సు దిగి రాత్రికి రంగం ఎక్కేవాళ్లు, ఒక్క రిహార్సల్ కూడా ఉండదు. వాళ్ల శృతి ఏదో అడిగి, రెండు పద్యాలు చిన్నగా పాడించుకుని, ఇక తెల్లవారేదాకా నడిపించేవారు. డైరెక్టరూ ఆయనే, గురువూ ఆయనే, మరచిపోయిన పద్యానికి మొదటి మాట అందించేదీ ఆయనే.

పెట్టె దగ్గర కూర్చునే ఒక కుర్రవాణ్ని ఆయన శిష్యుడిగా తయారు చేస్తుండేవారు. ఒక రాత్రి రిహార్సల్‌లో హరిశ్చంద్రుడు రాగం తీస్తుంటే ఆ కుర్రవాడు ఉత్సాహం కొద్దీ వెంటబడి వాయిస్తున్నాడు. అయ్యవారు కసురుకోలేదు. "ఎందుకప్పా అట్ల పట్టుకోనుండావు? ఇడుసు. ఆయప్ప పాడనీ" అన్నారు. కుర్రవాడు వేలు ఎత్తాడు. అప్పటిదాకా పెట్టె చాటున ఉన్న గొంతు ఒక్కసారి బయటికి వచ్చింది. ఆ గొంతు ఎవరిదో కాదు, పొద్దున మా ఇంటి ముందు ఎద్దులు తోలుకుపోయే మనిషిది. నాకప్పుడు సంగీతం అంటే ఏమిటో తెలియదు. వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం మాత్రం తెలిసింది. ఆ ఏడు శివరాత్రి జాగారానికి నాటకం వేశారు. గ్యాసు లైట్ల కింద అయ్యవారి చెయ్యినే చూస్తూ కూర్చున్నాను. నటుడు పద్యం చివర ఊపిరి చాలక ఆగబోయేముందు, ఎట్లా తెలిసేదో ఏమో, ఆ ఖాళీలోకి హార్మోనియం మెల్లగా వచ్చేది. నటుడి ఊపిరి అయిపోయిందని జనానికి తెలిసేదే కాదు. అతను మళ్లీ అందుకోగానే ఆయన చెయ్యి గాలిలోకి లేచేది.

ఇదంతా నా చిన్ననాటి ముచ్చట్ల మీద నాకున్న మమకారమేనా? పద్యనాటకంలో రాగాలు సాగదీయడం మీద పెద్దల ఆక్షేపణ చిన్నదేమీ కాదు. తాడిపత్రిలో పుట్టి దేశమంతా పేరు తెచ్చుకున్న నటుడు బళ్లారి రాఘవ నటనకే పట్టం కట్టాలన్నారు, పాట కోసం పాత్రను చంపుకోవద్దన్నారు. హరిశ్చంద్రుడు కాటిలో కొడుకు శవం ముందు నిలబడి నిమిషాల తరబడి ఆలాపన చేయడం, జనం వన్స్ మోర్ అనగానే అదే పద్యం మళ్లీ ఎత్తుకోవడం నేనూ చూశాను. అక్కడ దుఃఖం ఎక్కడుంది అని అడిగితే జవాబు చెప్పలేం. ఆ జబ్బుకు హార్మోనియం కొంత కారణమే. అలుపు లేని స్వరం వెనక ఉంటే పాడేవాడికీ ఆగాలనిపించదు. రాఘవ చెప్పినదాంతో నాకు పేచీ లేదు. కానీ ఆగాలనిపించని నటుణ్ని ఆపగలిగిన శక్తి కూడా ఆ పెట్టె దగ్గరి మనిషికే ఉంది. మంచి హార్మోనిస్టు చెయ్యి ఎత్తేస్తే నటుడు నేల మీదికి దిగిరాక తప్పదు. మా అయ్యవారు కాటి సీనులో అట్లాగే చేసేవారు. మొదట కాసేపు శృతి పట్టుకుని, తర్వాత మెల్లగా పెట్టెను పూర్తిగా ఆపేసేవారు. ఆ సీనులో ఏడ్వని ఆడమనిషి మా ఊళ్లో లేదు.

చదువుకున్నవాళ్ల సభల్లో మాత్రం ఈ పెట్టెకు గౌరవం దక్కలేదు. స్వరాలు మెట్లు మెట్లుగా తెగి ఉంటాయి, రెండు మెట్ల నడుమ ఉండే గమకం పలకదు, శృతులన్నీ సమానంగా కోసి పెట్టినవి అని విమర్శ. అందులో నిజం ఉంది, కాదనలేం. 1940 మార్చి నుంచి ఆకాశవాణి హార్మోనియాన్ని తన స్టూడియోల నుంచి నిషేధించింది. ఆ నిషేధం మూడు దశాబ్దాలు నడిచి 1971లో సడలింది. అంటే మా పల్లెలో అయ్యవారు తెల్లవార్లూ వాయించిన ఆ రాత్రుల్లో, ఊళ్లో ఉన్న ఒకే ఒక్క రేడియోలో ఆయన వాద్యానికి చోటు లేదు. అదే రోజుల్లో మెంఫిస్‌లో చర్చి నుంచి వచ్చిన ఆర్గన్ అమెరికా రేడియోల్లో రాత్రింబవళ్లు మోగుతోంది. నిషేధించినవాళ్లకు సంగీతం మీద ప్రేమ లేదని నేను అనను. వాళ్లు శాస్త్రీయ సంగీతాన్ని మనసులో పెట్టుకుని తీర్పు చెప్పారు. పల్లెలో ఊపిరి చాలని గొంతులను ఒడ్డున పడేసే పని కూడా ఈ వాద్యం చేస్తోందన్న సంగతి వాళ్ల లెక్కలోకి రాలేదు. గమకం పలకని వాద్యంతో గమకం పలికే గొంతుకు ఎట్లా దారి ఇవ్వాలి అనే విద్య ఒకటి ఉందని వాళ్లు వినలేదు. వింటే ఏమనేవారో!

వెనక కూర్చుని వాయించేవాళ్ల పేర్ల సంగతికి వస్తే అమెరికా కూడా మనకంటే మెరుగ్గా ఏమీ లేదు. డెట్రాయిట్‌లో మోటౌన్ కంపెనీ పాటల్లో చాలావాటి వెనక ఒకే వాద్యబృందం ఉండేది. దాని నాయకుడు ఎర్ల్ వాన్ డైక్ అనే పియానో, ఆర్గన్ విద్వాంసుడు. ఎన్నో హిట్టు పాటల్లో ఆయన చెయ్యి ఉంది, అట్టల మీద పేరు లేదు. 1971లో గాయకుడు మార్విన్ గే 'వాట్స్ గోయింగ్ ఆన్' ఆల్బమ్ వచ్చేదాకా మోటౌన్ ఆ వాయించేవాళ్ల పేర్లు అచ్చువేయలేదు. 1969లో బీటిల్స్ తమ 'గెట్ బ్యాక్' రికార్డు మీద బిల్లీ ప్రెస్టన్ అనే కీబోర్డు కళాకారుడి పేరు తమ పేరు పక్కన వేయించారు. అదొక అపురూపమైన సంగతి అని అందరూ ఇప్పటికీ చెప్పుకుంటున్నారంటేనే మిగతావాళ్ల గతి తెలుస్తోంది. మన సినిమా రంగంలో పెండ్యాల నాగేశ్వరరావు నాటకాల్లో హార్మోనియం వాయిస్తూ పైకి వచ్చారు. సంగీత దర్శకుడయ్యాక ఆయన పేరు తెలుగు నేలంతా తెలిసింది. ఆయన హార్మోనిస్టుగానే మిగిలిపోయి ఉంటే? ఆళ్లగడ్డలో దిగినప్పుడు ఈ ప్రశ్న నాకు ఇంకా గట్టిగా తగులుతుంది. రోడ్డు పక్కన షెడ్ల కింద రాతి దుమ్ములో శిల్పులు కూర్చుని దేవుళ్లను, నాయకులను చెక్కుతుంటారు. ఆ విగ్రహాలు ఎక్కడెక్కడికో పోతాయి. దిమ్మె మీద దాత పేరు ఉంటుంది, ఆవిష్కరించినవారి పేరు ఉంటుంది, తేదీ ఉంటుంది. చెక్కినాయన పేరు నేనైతే ఎక్కడా చూడలేదు. అయినా రాయి మిగులుతుంది. చెయ్యి తెలిసినవాళ్లు కన్ను, ముక్కు చూసి ఇది ఎవరి పనో పోల్చుకుంటారు. ఎర్ల్ వాన్ డైక్‌కు పేరు ఆలస్యంగా వచ్చినా టేపు మిగిలింది, వింటే ఆయన చెయ్యి తెలుస్తుంది. మా అయ్యవారికి ఏం మిగిలింది?

హార్మోనియం విద్యలో నోటుపుస్తకానికి ఎక్కేది ఎంతో కొంత ఉంది. ఏ పద్యానికి ఏ రాగం, ఎవరికి ఎన్నో శృతి, ఇవి రాసుకోవచ్చు, రాసుకున్నవాళ్లు ఉన్నారు. ఎక్కడ చెయ్యి ఎత్తారు అన్నది రాయడానికి లిపి లేదు. ఒక రెప్పపాటు ముందు ఎత్తితే నటుడి గొంతు బోసిపోతుంది, ఒక రెప్పపాటు ఆలస్యమైతే మీద పడుతుంది. బుకర్ టి. ఆగిన ఆ ఖాళీని యాభై ఏళ్లు దాటాక ఆళ్లగడ్డ బస్సులో కూర్చుని నేను వినగలుగుతున్నాను. ఆ వాలు నేల గదిలో టేపు తిరుగుతూ ఉండబట్టే కదా. నాటకాన్ని రికార్డు చేస్తే మాత్రం అంతా దొరుకుతుందా అని కూడా అనుకుంటాను. రెండున్నర నిమిషాల పాట వేరు, తెల్లవార్లూ సాగే నాటకం వేరు. మంచు, గ్యాసు లైటు వాసన, జనం మధ్యలో ఏడ్చే పసిపిల్లలు, నాలుగో జాము నిద్రమత్తు, ఇవేవీ టేపు మీదికి రావు. రాకపోయినా పర్వాలేదు. ఊపిరి సందులోకి వచ్చిన ఆ రెండు స్వరాలు, ఆ తర్వాతి నిశ్శబ్దం దొరికినా నాకు చాలు. దాన్ని విని నేర్చుకోగల పిల్లలు ఇప్పటికీ ఉన్నారు. మా వీధి భజన మందిరంలో కీబోర్డు వాయించే పిల్లవాడికి ఉన్న చెవి తక్కువదేం కాదు. వాడికి చెయ్యి ఎత్తడం వినిపించినవాళ్లు లేరు, అంతే.

అందుకని నంద్యాల, ఆళ్లగడ్డ, కోవెలకుంట్ల, బనగానపల్లె వైపు వాళ్లకు ఒక మనవి. ఎనభైలలో టేపురికార్డర్లు వచ్చాక ఊరి నాటకాన్ని క్యాసెట్లలో పట్టుకున్న ఇళ్లు మన వైపు చాలా ఉన్నాయి. రంగం ముందు మైకు దగ్గర టేపురికార్డరు పెట్టి, అర్ధరాత్రి లేచి క్యాసెట్ తిప్పి పెట్టినవాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు. ఆ క్యాసెట్లు అటక మీద ఏ ట్రంకు పెట్టెలోనో ఉంటాయి. వేడికి, తేమకు ఆ రిబ్బను పాడవుతుంది, పొడి రాలుతుంది. చాలాకాలంగా వాడని ప్లేయర్‌లో పెట్టకండి, రిబ్బను చిక్కుకుని తెగిపోతుంది. పనిచేసే ప్లేయర్ ఉన్నవాళ్లను వెతికి, ముందు పనికిరాని క్యాసెట్ ఒకటి వేసి చూసి, ఆ తర్వాత దీన్ని వేసి కంప్యూటర్‌లోకి ఎక్కించండి. మీ ఊళ్లో నాటకాలకు వాయించిన పెద్దవాళ్లు ఇంకా బతికి ఉంటే పెట్టె తెచ్చి ఆయన ముందు పెట్టండి, పద్యం పాడగల మనిషిని పక్కన కూర్చోబెట్టండి, ఫోనులోనే రికార్డు చేయండి. ఒక్కరే వాయిస్తే చాలదు, పాడేవాళ్లు ఉంటేనే ఆ చెయ్యి ఎప్పుడు లేస్తుందో తెలుస్తుంది. ఏ నాటకమో, ఏ ఊరో, ఏ సంవత్సరమో రాయండి. హరిశ్చంద్రుడి పేరు, చంద్రమతి పేరు ఎలాగూ రాస్తారు. వాటికంటే ముందు, మొదటి వరుసలో, హార్మోనియం వాయించినాయన పేరు రాయండి.